వాచీ గల్ఫ్‌ది... చైను ఎక్కడిది?

గల్ఫ్ నుంచి వచ్చిన వాచీ ముప్ఫై ఏళ్లయినా నడుస్తూనే ఉంటుంది. ముందుగా అలిసిపోయేది దాని చైనే! దాన్ని మార్చుకుందామని బయల్దేరితేనే తెలుస్తుంది... ఆ వాచీ అసలుదో కాదో, ఇంట్లో దాని విలువ ఎంతో. కోనసీమ లంకల నుంచి రాజమండ్రి మెయిన్‌రోడ్డు మీదుగా హైదరాబాద్ షోరూము దాకా సాగే ఓ చైను ప్రయాణం ఇది.

రాజోలు దగ్గర ఓ లంక ఊరు అనుకుందాం. చుట్టూ కొబ్బరితోట, మధ్యలో పాత పెంకుటిల్లు, దాని పక్కనే గల్ఫ్ డబ్బుతో లేచిన డాబా. డాబాలో ఓ బీరువా. అందులో పట్టుచీరల కింద, పొలం దస్తావేజుల సంచీ పక్కన, మెత్తటి గుడ్డలో చుట్టిపెట్టిన వాచీ. బంగారు రంగు రాడో. ఇంటాయన కువైట్‌లో ఉన్న రోజుల్లో కొనుక్కున్నది. ఇప్పుడు ఆయన లేరు, వాచీ ఉంది.

మనవడి నిశ్చితార్థం కుదిరింది. తాతగారి వాచీ వాడి చేతికి పెడదామని పెద్దకొడుకు దాన్ని బయటికి తీశాడు. నాలుగుసార్లు అటూ ఇటూ ఊపగానే సెకన్ల ముల్లు కదిలింది. ఇంటిల్లిపాదీ సంబరపడిపోయారు. తీరా చేతికి పెట్టుకుని లాకు నొక్కబోతే చైను రెండు ముక్కలై చాప మీద పడింది!

''నాన్నగారి వాచీ అమ్మా...'' అంటూ ఆయన నొచ్చుకుంటే, ''వాచీకేం కాలేదు కదరా, తెగింది చైనేగా'' అందా తల్లి.

చైనేగా అనుకున్నంత తేలిక కాదని ఆ ఇంటికి ఆ తర్వాత తెలిసింది. గోదావరి జిల్లాల్లో ఇలాంటి వాచీలు దాచుకున్న ఇళ్లు ఎన్నో. వాటికి సరైన చైను వెతుక్కుంటూ వెళ్లేవాళ్ల దారి దాదాపు ఒక్కటే.

కీ వాచీ నుంచి రాడో దాకా

గోదావరి డెల్టాలో వాచీ అంటే టైము చూసుకునే వస్తువు మాత్రమే కాదు. ఒకప్పుడు అల్లుడికి పెట్టే లాంఛనాల్లో సైకిలూ రేడియోలతోపాటు దానిదీ ముఖ్యమైన స్థానమే. 'వాచీ పెట్టలేదు' అని అలిగిన పెళ్లికొడుకుల కథలు ఇప్పటికీ పాతతరం నోట వినిపిస్తాయి. అప్పట్లో వాచీ అంటే హెచ్ఎంటీనే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ జనతా, పైలట్, సోనా, కాంచన్ లాంటి పేర్లతో దేశం మొత్తానికీ టైము చెప్పింది. 1980ల్లో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాంకేతికతతో వాచీలు చేసింది. టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో స్థాపించిన టైటాన్, హోసూరులో తయారైన క్వార్ట్జ్ వాచీలతో 1987 నుంచి బజారు రూపురేఖల్నే మార్చేసింది.

కోనసీమకు మాత్రం వీటితోపాటు మరో దారిలో కూడా వాచీలు వచ్చాయి. అది గల్ఫ్ దారి. రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాల నుంచీ, వశిష్ఠ దాటితే నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ ఎంతోమంది కువైట్, దుబాయ్, మస్కట్, దోహా, బహ్రెయిన్‌లకు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లారు. మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, వంటవాళ్లుగా వెళితే, ఇళ్లలో పనులకు వెళ్లిన ఆడవాళ్లూ వేలల్లోనే ఉన్నారు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు దొరికి వాళ్లు ఇంటికొస్తే ఆ పెట్టె తెరవడం ఓ పండగ. దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, టైగర్‌బామ్‌లు... వీటన్నిటి మధ్యా ఓ చిన్న డబ్బాలో వాచీ. సీకో, సిటిజన్ అయితే తమ్ముడికో బావమరిదికో. రాడో అయితే మాత్రం సాధారణంగా చేతికే ఉండేది. విమానం దిగి ఊళ్లోకొచ్చిన మనిషి ఎలా ఉన్నాడో చెప్పకుండానే చెప్పే గుర్తు అది.

రాడోకి అంత పేరు రావడానికి కారణం ఉంది. స్విట్జర్లాండ్‌లోని లెంగ్నౌ ఊళ్లో పుట్టిన ఆ కంపెనీ 1962లో డయాస్టార్ అనే వాచీని తెచ్చింది. గీతలు పడని వాచీగా అది ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన గట్టి లోహపు కేసు, దాని మీద నీలమణి జాతికి చెందిన గట్టి అద్దం. ఇసుకా సిమెంటూ మధ్య పనిచేసే చేతికి అంతకంటే ఏం కావాలి! దానంతటదే కీ తిరిగే ఆటోమేటిక్ రాడోల డయలు మీద చిన్న లంగరు బొమ్మ ఒకటి ఉంటుంది. వాచీని కదిపితే ఆ లంగరు గిరగిరా ఊగుతుంది. పడవల్నీ లంగర్లనీ చూస్తూ పెరిగిన గోదారోళ్లకి ఆ బొమ్మ ఇట్టే నచ్చేయడంలో వింతేముంది?

చిక్కల్లా ఎక్కడంటే... చాలా పాత మోడళ్లలో ఆ గట్టి లోహం కేసు వరకే. చైను మాత్రం బంగారు పూత వేసిన స్టీలు. అందుకే ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత కూడా కేసు నిన్న కొన్నట్టు మెరుస్తుంటే, చైను మాత్రం రంగు వెలిసి, వదులై వేలాడుతూ ఉంటుంది.

సాగేది స్టీలు కాదండీ...

రాజోలు నుంచి తాటిపాక, పి.గన్నవరం మీదుగా రావులపాలెం చేరి, జాతీయ రహదారెక్కితే జొన్నాడ వంతెన, కడియపులంక పూలతోటలు దాటుకుని రాజమండ్రి వచ్చేస్తుంది. 2015లో రాజమహేంద్రవరంగా అసలు పేరు మళ్లీ తెచ్చుకున్నా, బస్సు కండక్టరుకీ ప్రయాణికులకీ అది రాజమండ్రే. కోటగుమ్మం, మెయిన్‌రోడ్డు, దేవీచౌక్... ఈ సందుల్లో బట్టలకొట్లూ బంగారం కొట్లూ మధ్య ఇరుకైన అద్దాల బల్ల వెనక, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే వాచీ రిపేరు మనుషులు ఇంకా అక్కడక్కడా కనిపిస్తారు. సెల్‌ఫోన్లు వచ్చాక వాళ్లలో చాలామంది బల్లలు ఎత్తేశారు. మిగిలినవాళ్లు సెల్లులు మారుస్తూ, బెల్టులు వేస్తూ, అప్పుడప్పుడూ ఇలాంటి పాత వాచీ చేతికొస్తే మురిసిపోతూ రోజు గడుపుతున్నారు.

''చైను సాగిపోయిందండీ'' అంటూ ఎవరైనా వాచీ ఇస్తే అనుభవమున్న మెకానిక్ నవ్వుతాడు. ''ఆయ్... స్టీలు సాగదండీ. లోపల పిన్నులు అరుగుతాయి'' అంటాడు.

నిజమే. చైనులోని ఒక్కో లింకునీ పక్క లింకుతో కలిపేది సన్నటి పిన్ను. చెమట, దుమ్ము, సన్నటి ఇసుక ఆ సందుల్లో చేరి ముద్దలా మారతాయి. చెయ్యి కదిలినప్పుడల్లా ఆ ముద్ద ఆకురాయిలా పనిచేస్తుంది. పిన్ను సన్నబడుతుంది, దాని రంధ్రం వెడల్పవుతుంది. ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి సందు వచ్చినా, అన్నీ కలిస్తే చైను వేలంత పొడుగు పెరిగినట్టు కనిపిస్తుంది. ఉప్పుగాలీ ఉక్కపోతా ఎక్కువగా ఉండే సముద్రతీరంలో, చేపల, రొయ్యల చెరువుల దగ్గర తిరిగే చేతులకి ఈ అరుగుదల మరికాస్త తొందరగా వస్తుంది.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. చైను లాకు వేసి, వాచీని పక్కకి తిప్పి, కేసు ఒక్కటే పట్టుకుని గాల్లో ఉంచాలి. చైను గుండ్రంగా నిలబడితే ఇంకా బాగున్నట్టే. వాన తడిసిన అరటాకులా కిందికి వాలిపోతే పిన్నులు అరిగినట్టు. ఈ దశలోనే మెకానిక్ దగ్గరికి తీసుకెళితే పిన్నులు మార్చి కొన్నాళ్లు నడపొచ్చు. వాలిపోయినా వాడుతూనే ఉంటే ఏదో ఒకరోజు కాలవగట్టు మీదో పంటు మీదో చైను ఊడి, వాచీ నీళ్లపాలవుతుంది.

కొలత కలిస్తే చాలదు

చైను మార్చాల్సిందేనని తేలాక మొదట తట్టే ఆలోచన, బజార్లో దొరికే చైను వేయించేద్దామనే. కొన్ని వందల్లో అయిపోతుంది. హెచ్ఎంటీ లాంటి వాచీలకి అదే దారి కూడా. నష్టాల్లో కూరుకుపోయిన హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇక షోరూము ఎక్కడ, కంపెనీ చైను ఎక్కడ! పాత వాచీల నుంచి తీసినవో, బజారు చైనులో తప్ప గత్యంతరం లేదు.

సాధారణ వాచీలకి చైను ఎంచడంలో ముఖ్యమైన కొలత కేసుకి అటూ ఇటూ ఉండే కొమ్ముల మధ్య వెడల్పు. 18, 20, 22 మిల్లీమీటర్లు... ఇలా ఉంటుంది. ఆ కొమ్ముల మధ్య స్ప్రింగు పిన్ను బిగిస్తే చైను కూర్చుంటుంది. ఖరీదైన వాచీల్లో మాత్రం కొలత ఒక్కటే కలిస్తే సరిపోదు. కేసు అంచు వంపుకి ఆనుకునే చైను చివరి ముక్కని ప్రతి మోడల్‌కీ వేరుగా తయారుచేస్తారు. అది సరిగ్గా అమరకపోతే సందు కనిపిస్తుంది, వాచీ కదిలినప్పుడల్లా గలగలలాడుతుంది, చివరికి ఆ రాపిడికి కేసు కూడా అరుగుతుంది. చాలా రాడోల్లోనైతే పైకి కొమ్ములే ఉండవు. చైను కేసు కిందికి దూరిపోయి బిగుస్తుంది. బజారు చైను తెచ్చి దానికి తగిలించాలంటే మెకానిక్ ఆకురాయి పట్టాల్సిందే. ఒకసారి ఆకురాయి తగిలాక ఆ వాచీ మళ్లీ మొదటి రూపానికి రావడం కష్టం.

రోలెక్స్ లాంటి వాటి సంగతి మరీ ప్రత్యేకం. ఆ కంపెనీ చైన్లకి వాచీలతో సమానంగా పేర్లూ చరిత్రలూ ఉన్నాయి. మూడు వరసల ఆయిస్టర్, 1945లో వచ్చిన అయిదు వరసల జూబిలీ, 1956లో వచ్చిన ప్రెసిడెంట్... వాచీ ప్రియులు దూరం నుంచే చూసి చైను పేరు చెప్పేస్తారు. అందుకే నకిలీ చైన్ల వ్యాపారం కూడా అంతే జోరుగా సాగుతుంది. 'అచ్చం ఒరిజినలే సార్' అంటూ అమ్మే చైను బరువులోనో లాకు చప్పుడులోనో ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం లోపలి స్ప్రింగు పిన్నులో ఉంటుంది. అది నాసిరకం అయితే లక్షల వాచీ రూపాయి పిన్ను దగ్గర ఓడిపోతుంది.

షోరూములో ఏమడుగుతారు?

టైటాన్ లాంటి కంపెనీల వాచీలకి దిగుల్లేదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్లలోనే షోరూములు ఉన్నాయి. మోడల్ నంబరు చూసి చైను ఉంటే ఇస్తారు, లేకపోతే తెప్పిస్తారు. స్విస్ వాచీలకి వచ్చేసరికి, ముఖ్యంగా ఖరీదైన వాటికి, చాలామంది హైదరాబాద్ రైలెక్కుతారు. కాకినాడ నుంచొచ్చే గౌతమిలోనో, విశాఖ నుంచొచ్చే గోదావరిలోనో రాత్రి రాజమండ్రిలో ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. చేతిసంచీలో పూతరేకుల డబ్బా, చొక్కా లోపలి జేబులో వాచీ!

ఆథరైజ్డ్ డీలరు అంటే కంపెనీ తన వాచీలు అమ్మడానికి రాతపూర్వకంగా హక్కు ఇచ్చిన దుకాణం. చైను కావాలని వెళితే అక్కడ 'ఏ రంగు కావాలండీ' అని మొదలెట్టరు. ముందు వాచీ చూపించమంటారు. కేసు వెనకో, కొమ్ముల మధ్యో ఉండే మోడల్ నంబరు, సీరియల్ నంబరు చూస్తారు. కొన్ని కంపెనీలు వాచీ తెస్తే తప్ప చైను విడిగా అమ్మవు. ఒట్టి నంబరు చెప్పి చైను పట్టుకెళ్లే వీలుంటే ఆ చైన్లన్నీ నకిలీ వాచీలకి చేరతాయన్నది వాళ్ల భయం. వారంటీ కార్డు ఉంటే పని తొందరగా అవుతుంది. లేదన్నంత మాత్రాన వెనక్కి పంపరు, వాచీని సర్వీస్ సెంటర్లో తెరిచి చూస్తారు.

ఇక్కడే అసలు పరీక్ష! గల్ఫ్ నుంచి వచ్చిన వాచీల్లో చాలావాటికి కాగితాలు ఉండవు. కొన్నవాళ్లు కొందరు బిల్లు పారేసి ఉంటారు. కొందరు తోటి పనివాళ్ల దగ్గర నెలవాయిదాల్లో కొనుక్కుని ఉంటారు. మరికొందరికి పనిచేసిన ఇంటి యజమాని చేతినుంచి తీసి ఇచ్చి ఉంటాడు. కొందరు తెలియక నకిలీది కొని ఉండొచ్చు కూడా. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు. చైను కోసం కౌంటరు మీద పెట్టిన రోజే వాచీ నిజం బయటపడుతుంది. నకిలీ అని తేలితే చైను అమ్మరు, ముట్టుకోరు. డయలు, ముళ్లు లాంటివి బయట మార్పించి ఉన్నా కొన్ని కంపెనీలు పని ఒప్పుకోవు. అందుకే 'తెలియకపోతేనే నయం' అనుకుంటూ వాచీని బీరువాలోనే ఉంచేసేవాళ్లూ ఉన్నారు.

అసలుదే అని తేలినా ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. ఒకటి ధర. స్విస్ కంపెనీల ఒరిజినల్ స్టీలు చైనుకే వేలు పెట్టాలి. పెద్ద బ్రాండ్లయితే, అందులో బంగారం కలిస్తే, లెక్క లక్షల్లోకి వెళుతుంది. స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా కూటమితో మనదేశం 2024 మార్చిలో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడాదికింత చొప్పున తగ్గుతూ పోతుంది. అయినా చైను కోసం ఇంట్లో చీటీపాట పాడాల్సిన పరిస్థితి మారిపోతుందని అనుకోనక్కర్లేదు. రెండోది దొరకడం. పాత మోడల్ తయారీ ఆపేసి దశాబ్దాలైతే దాని చైను కంపెనీ దగ్గరే ఉండకపోవచ్చు. ఉంటే స్విట్జర్లాండ్ నుంచి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. లేకపోతే దగ్గరగా ఉండే మరో చైను సూచిస్తారు. అదీ కుదరకపోతే చేతులు జోడిస్తారు.

వెళ్లేముందు...

* కంపెనీ అధికారిక వెబ్‌సైట్లో ఆ ఊరి డీలరు, సర్వీస్ సెంటర్ల పేర్లు చూసుకునే వెళ్లాలి. బోర్డు మీద బ్రాండు పేరు ఉన్నంత మాత్రాన ఆథరైజ్డ్ అయిపోరు.

* వాచీతోపాటు పాత చైను, ఊడిన ముక్కలు, బిల్లు, కార్డు... ఇంట్లో ఏముంటే అవన్నీ పట్టుకెళ్లాలి.

* ఇచ్చేముందు సీరియల్ నంబరు రాసుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి. రసీదులో వాచీ వివరాలన్నీ రాయించుకోవాలి.

* పాత చైను వెనక్కి ఇస్తారో లేదో ముందే అడగాలి. కొన్ని కంపెనీలు మార్చిన పాత భాగాల్ని తమ దగ్గరే ఉంచుకుంటాయి.

* కొత్త చైనుని చేతి కొలతకి తగ్గించాక తీసిన లింకుల్ని తప్పకుండా అడిగి తెచ్చుకోవాలి. మనిషి సన్నబడినా లావైనా అవే అక్కరకొస్తాయి. ఒక్క లింకు విడిగా కొనాలంటే ఎంతవుతుందో అడిగితే వాటి విలువ తెలుస్తుంది.

* చైను బిల్లుని వాచీతోపాటే దాచాలి. రేపు వారసులకి ఆ వాచీ చరిత్ర చెప్పేది ఆ కాగితమే.

టైగర్‌బామ్ డబ్బా

లంక ఊళ్లో తెగిన రాడో దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ ఇంటాయన 1990 ఆగస్టు 2న కువైట్‌లోనే ఉన్నాడనుకోండి. ఇరాక్ సైన్యం లోపలికి వచ్చిన రోజది. బ్యాంకులు మూతపడ్డాయి. దాచుకున్న దీనార్లు చెల్లని కాగితాలయ్యాయి. ఆ తర్వాతి వారాల్లో దాదాపు 1.70 లక్షల మంది భారతీయుల్ని ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. ఎడారిలో బస్సుల్లో జోర్డాన్ దాకా, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయి దాకా. అలా వచ్చినవాళ్లలో కోనసీమ వాళ్లూ ఉన్నారు. పెట్టెలు పోయాయి, జీతం బకాయిలు పోయాయి. చాలామందికి మిగిలింది ఒంటి మీదున్నదే. ఆయనకి ఒంటి మీద బట్టలూ, చేతికి రాడో.

ఆ వాచీని అమ్మేయమని అప్పట్లో చెప్పినవాళ్లున్నారు. ఆయన అమ్మలేదు. సొసైటీలో అప్పు తెచ్చాడు, తోటలో కొబ్బరికాయలు దింపించాడు, పిల్లల్ని చదివించాడు. వాచీ మాత్రం తీయలేదు. అదొక్కటే అక్కడి పదేళ్ల కష్టానికి సాక్ష్యం మరి.

ఇప్పుడు పెద్దకొడుకు దాన్ని పట్టుకుని ముందు రాజమండ్రి వెళ్లాడు. మెయిన్‌రోడ్డు మెకానిక్ భూతద్దంలోంచి చూసి, ''నాకు ఒరిజినల్‌లానే ఉందండీ. దీనికి బజారు చైను వేయను, కేసు పాడవుద్ది. కంపెనీ వాళ్లకే చూపించండి'' అన్నాడు. డబ్బు వచ్చే పనిని వద్దనుకున్న ఆ మాటకి ఆయన మీద నమ్మకం కుదిరింది. రాత్రి రైలెక్కి హైదరాబాద్ వెళ్లాడు. కౌంటరు మీద వాచీ పెట్టినప్పుడు గుండె దడదడలాడింది. నకిలీ అంటే అమ్మకి ఏం చెప్పాలి? అసలు చెప్పాలా?

లోపలికి తీసుకెళ్లిన వాచీ అరగంటకి తిరిగొచ్చింది. అసలుదే! ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాకపోతే ఆ చైను తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్తరకం ఏదీ దానికి సరిగ్గా అమరదు. ''తెగింది లాకు దగ్గరి మూడు లింకులేనండీ. అలాంటివే పాతవి ఎక్కడైనా దొరికితే అతికించి ఇవ్వొచ్చు. మా దగ్గరైతే లేవు'' అని చెప్పారు.

ఇంటికొచ్చి ఆ మాటే తల్లికి చెప్పాడు. ఆవిడ ఏమీ అనలేదు. బీరువా అడుగున ఉన్న పెట్టె తీసి, మూత తుప్పుపట్టిన ఓ చిన్న టైగర్‌బామ్ డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

''కువైట్ నుంచి వచ్చినప్పుడు మీ నాన్నగారు పుల్లలా అయిపోయి వచ్చార్రా. వాచీ మోచేతి దాకా జారిపోయేది. రాజమండ్రి తీసుకెళ్లి రెండు ముక్కలు తీయించాం. తర్వాత షుగరొచ్చి ఇంకా చిక్కిపోయినప్పుడు మరో రెండు. ఆ తీసినవి పారేయబుద్ధి కాలేదు. మనిషి మళ్లీ కోలుకుంటే వేయిద్దామనుకున్నా...''

మూత తీస్తే లోపల నాలుగు లింకులు. ముప్ఫై ఏళ్లుగా చెమటా దుమ్మూ తగలనివి. రంగు చెక్కుచెదరలేదు, రంధ్రాలు అరగలేదు.

మర్నాడు మెయిన్‌రోడ్డు బల్ల దగ్గర పాత చైనులో అరిగిన మూడు లింకులు తీసి ఆ డబ్బాలోని మూడింటిని బిగించడానికి గంట కూడా పట్టలేదు. మిగిలిన పిన్నులన్నీ మార్చి, చైనుని సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి ఇచ్చాడు మెకానిక్. రంగుల తేడా మాత్రం తెలుస్తూనే ఉంది. పాత లింకులు వెలిసి తెల్లబడ్డాయి, కొత్తగా వేసినవి పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. ''పూత వేయిస్తే ఒకే రంగులోకి వస్తాయండీ, పంపమంటారా?'' అని అడిగాడాయన.

''వద్దులెండి, ఇలాగే ఉండనివ్వండి'' అన్నాడు పెద్దకొడుకు.

డబ్బాలో ఇంకో లింకు మిగిలింది. నిశ్చితార్థం నాడు మనవడి చేతికి వాచీ పెట్టాక, నాయనమ్మ ఆ డబ్బాని కూడా వాడి జేబులో పెట్టింది. ''ఇదీ దాచుకోరా అబ్బాయ్. నీ చెయ్యి మీ తాత చేతికంటే లావు. ఎప్పుడైనా బిగుతైతే వేయించుకుందువుగానీ'' అంది.